వేప ముందే పూసిందా, ఉగాది వెనకబడిందా? నగరాల్లో చెట్ల కాలచక్రం ఎలా మారుతోంది

క్లుప్తంగా

నగరాలు పెరగడం వల్లా, వాతావరణం వేడెక్కడం వల్లా చెట్లు చిగురించే, పూసే, ఆకు రాల్చే రోజులు మారుతున్నాయి. చలి దేశాల్లో ఈ మార్పు చాలావరకు ఒకే తీరుగా ఉంది. చిగురు ముందే వస్తోంది, ఆకు ఆలస్యంగా రాలుతోంది. తెలుగు నేల మీద లెక్క వేరు. ఇక్కడ చెట్టును నడిపించేది ఎక్కువగా నీరు, రాత్రి వేడి, వెలుతురు. అందుకే ఒకే వీధిలో ఒక వేప ముందే పూస్తే, పక్కది ఆలస్యం కావొచ్చు. పండుగ తేదీలతో పోల్చి చూసే అలవాటు ఈ గందరగోళాన్ని ఇంకా పెంచుతోంది.

ముందు తేదీల చిక్కు విప్పాలి

ఏటా మార్చి వచ్చేసరికి ఒకే తరహా మాటలు వినిపిస్తాయి. ఒక ఏడు పచ్చడిలోకి వేపపూత దొరకలేదంటారు. ఇంకో ఏడు పండుగకు ముందే పూత రాలిపోయిందంటారు. రెండింటికీ వాతావరణ మార్పే కారణమని తేల్చేస్తారు. అందులో కొంత నిజం ఉండొచ్చు. కానీ అంతకన్నా ముందు చూడాల్సింది పండుగ ఏ రోజున వచ్చిందన్నది.

ఉగాది 2018లో మార్చి 18న వచ్చింది. 2021లో ఏప్రిల్ 13న, 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చింది. 2026లో మార్చి 19. అంటే పండుగే దాదాపు నాలుగు వారాల మేర ముందుకూ వెనక్కూ కదులుతోంది. చాంద్రమానంలో పన్నెండు నెలలు కలిపితే సుమారు 354 రోజులే. సూర్యుడి ఏడాదితో పోలిస్తే ఏటా పదకొండు రోజులు తగ్గుతుంది. రెండు మూడేళ్లకోసారి అధికమాసం వచ్చి ఆ లోటు సర్దుతుంది. చెట్టుకు తిథులతో పని లేదు. అది నడిచేది ఎండను బట్టి, నేలలో తడిని బట్టి.

మన ప్రాంతంలో వేప సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొత్త చిగురు వేసి, మార్చి, ఏప్రిల్‌లో పూస్తుంది. మార్చి చివరి వారంలో నిండుగా పూసే చెట్టునే తీసుకుందాం. ఆ చెట్టు 2018లో పండుగకు మొగ్గ దశలోనే ఉన్నట్టు, 2021లో పండుగ నాటికి పూత రాల్చేసినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఒక్కరోజు కూడా అటూ ఇటూ జరగలేదు.

బతుకమ్మ విషయంలోనూ ఇంతే. ఎంగిలిపూల బతుకమ్మ 2023లో అక్టోబర్ 14న మొదలైతే, 2025లో సెప్టెంబర్ 21నే మొదలైంది. మూడు వారాలకు పైగా తేడా. గునుగు పూత ఒక ఏడు పలచగా, ఇంకో ఏడు ముదిరిపోయి కనిపించడానికి ఈ తేడా ఒక్కటే సరిపోతుంది.

ఈ చిక్కుకు పరిష్కారం రైతుల దగ్గర ఎప్పటినుంచో ఉంది. కార్తెలు సూర్యుడు ఏ నక్షత్రంలో ఉన్నాడన్న దాన్ని బట్టి వస్తాయి. అందుకే రోహిణి కార్తె ఏటా మే చివరి వారంలోనే మొదలవుతుంది. మృగశిర జూన్ 8 అటూ ఇటూగా వస్తుంది. సంక్రాంతి కూడా సౌరమానం పండుగే. కాబట్టి "సంక్రాంతికి మామిడి పూత ఎంత వచ్చింది" అనే ప్రశ్నకు ఏ ఏడాదికా ఏడాది ఇచ్చే జవాబులను పక్కపక్కన పెట్టి పోల్చవచ్చు. ఉగాది వేపపూత గురించి అలా పోల్చలేం. చెట్ల తీరు మారిందో లేదో చూసేవాళ్లు ముందుగా పాటించాల్సిన నియమం ఇదే.

చెట్టుకు కాలం ఎలా తెలుస్తుంది

మొక్కలు కాలాన్ని గుర్తుపట్టేందుకు ప్రధానంగా మూడు సంకేతాలు వాడుకుంటాయి. పగలు రాత్రుల నిడివి, ఉష్ణోగ్రత, నీరు. ఏ సంకేతానికి ఎంత బరువు ఉంటుందన్నది జాతిని బట్టి, ప్రాంతాన్ని బట్టి మారుతుంది.

చలి దేశాల చెట్లకు ఉష్ణోగ్రత పెద్ద సంకేతం. యాపిల్, చెర్రీ లాంటివి శీతకాలంలో మొగ్గలను నిద్రపుచ్చుతాయి. కొన్ని వందల గంటల చలి తగిలితేనే ఆ నిద్ర వదులుతుంది. ఆ తర్వాత వెచ్చదనం రోజురోజుకూ పోగుపడి ఒక స్థాయికి చేరినప్పుడు మొగ్గ విచ్చుతుంది. చలి, ఆ వెంటనే వెచ్చదనం. ఈ రెండు తాళాలూ తీయాలి.

మన దగ్గర అంత చలి లేదు. పగటి నిడివిలో తేడా కూడా తక్కువే. హైదరాబాద్‌లో ఏడాది మొత్తంలో అతి పొడవైన పగటికీ అతి పొట్టి పగటికీ మధ్య తేడా సుమారు రెండు గంటలు. లండన్‌లో అది ఎనిమిది గంటలు దాటుతుంది. అయినా మన మొక్కలు ఆ చిన్న తేడానూ పసిగడతాయి. చామంతి, గునుగు, పాతకాలపు చాలా వరి రకాలు రాత్రులు పొడవయ్యాకే పూతకు వస్తాయి. ఆకుల్లో ఉండే ఫైటోక్రోమ్ అనే వర్ణకం చీకటి ఎంతసేపు నిలిచిందో కొలుస్తుంది.

మూడోది నీరు. దక్కన్ పీఠభూమిలో సహజంగా పెరిగే అడవి ఆకురాల్చే అడవి. చలికాలం చివర నేలలో తడి తగ్గగానే చెట్లు ఆకు రాలుస్తాయి. ఆ తర్వాత జరిగేది చాలామందికి విచిత్రంగా తోస్తుంది. వాన చుక్క పడకముందే, ఎండలు మండుతున్నప్పుడే రావి ఎర్రటి చిగురు వేస్తుంది, కానుగ లేతాకుపచ్చ గొడుగు పడుతుంది. మోదుగ, రేల దాదాపు ఆకుల్లేని కొమ్మల మీదే పూస్తాయి. కారణం ఇది. ఆకులు రాలిపోగానే ఆవిరి రూపంలో నీరు పోవడం ఆగిపోతుంది. లోతైన వేళ్లు తెచ్చే కొద్దిపాటి నీటితో కాండం మళ్లీ నిండుతుంది. అలా నిండాకే మొగ్గలు ఉబ్బుతాయి. పగలు పొడవు కావడం అందుకు తోడవుతుంది. కాబట్టి మన వేసవి చిగురు వెనక ఉన్నది చెట్టు దాచుకున్న నీరు. నగరం ముందుగా చెయ్యి పెట్టేది సరిగ్గా ఈ నీటి మీదే.

చలి దేశాల్లో కనిపించే బొమ్మ

ఈ అంశం మీద ప్రపంచంలో ఎక్కువ పరిశోధన జరిగింది చలి దేశాల్లోనే. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూత తేదీల రికార్డు క్రీ.శ. 812 దాకా వెనక్కి వెళ్తుంది. రాజుల దినచర్యల నుంచి, పూల వేడుకల గురించి రాసుకున్న పాత రాతల నుంచి యసుయుకి అవోనో అనే శాస్త్రవేత్త ఆ తేదీలను పోగుచేశారు. 2021లో అక్కడ మార్చి 26కే చెర్రీ నిండుగా పూసింది. అప్పటిదాకా ఉన్న పన్నెండు వందల ఏళ్ల రికార్డులో అదే అతి ముందు తేదీ.

అందులో భూమి వేడెక్కడం వాటా ఎంత, క్యోటో నగరం వేడి వాటా ఎంత? అవోనో, బ్రిటన్ వాతావరణ శాఖ శాస్త్రవేత్తలు కలిసి 2022లో దీన్ని లెక్కగట్టారు. పూత పదకొండు రోజులు ముందుకు జరిగిందని, అందులో దాదాపు సగం నగరం వల్లేనని వాళ్ల అంచనా. నగరం, వాతావరణం విడివిడిగా ఎంత పని చేస్తున్నాయో ఇంత స్పష్టంగా చూపగలిగిన ఉదాహరణలు చాలా తక్కువ. పన్నెండు శతాబ్దాల రాతలు చేతిలో ఉన్నాయి కాబట్టే అది సాధ్యమైంది.

అమెరికాలో ఉపగ్రహ చిత్రాలతో 85 పెద్ద నగరాలను పరిశీలించి, 2020లో ఫలితాలు ప్రకటించారు. నగరాల్లో చెట్లు చుట్టుపక్కల పల్లెల కంటే సగటున ఆరు రోజులు ముందే పచ్చబడుతున్నాయి. ఆసక్తికరమైన సంగతి దాని తర్వాతది. ఉష్ణోగ్రత ఒక్కో డిగ్రీ పెరిగినప్పుడు పల్లె చెట్లు ఎంత ముందుకు జరుగుతున్నాయో, నగర చెట్లు అంత జరగడం లేదు. నగరంలో శీతకాలం కూడా వెచ్చబడటం వల్ల మొగ్గ నిద్ర వదలడానికి కావాల్సిన చలి తగ్గుతోందన్నది ఒక వివరణ. మొదటి తాళం సరిగా తెరుచుకోకపోతే రెండో తాళం ఎంత తిప్పినా ఉపయోగం ఉండదు. వేడి రెట్టింపైతే పూత రెట్టింపు ముందుకొస్తుందన్న లెక్క చలి దేశాల్లోనే చెల్లదన్నమాట.

మన నగరాల వేడి రాత్రి వేడి

సిమెంటు, తారు పగలంతా ఎండను పీల్చుకుని రాత్రి మెల్లగా వదులుతాయి. దీన్నే అర్బన్ హీట్ ఐలండ్ అంటారు. చలి దేశాల్లో నగరం పగలూ రాత్రీ పల్లె కంటే వెచ్చగా ఉంటుంది. భారతదేశంలో అలా కాదు. ఐఐటీ బాంబే పరిశోధకులు దేశంలోని 84 నగర ప్రాంతాల నేల ఉష్ణోగ్రతలను ఉపగ్రహాలతో కొలిచి, 2017లో ఒక వింత సంగతి బయటపెట్టారు. వేసవి పగటి వేళ చాలా నగరాల నేల, చుట్టుపక్కల పొలాల కంటే చల్లగా ఉంది. రాత్రి మాత్రం నగరమే వేడిగా ఉంది.

ఆలోచిస్తే ఇందులో అసహజమేమీ లేదు. ఏప్రిల్, మే నెలల్లో పంట కోసేసిన బీడు మీద ఆకు ఉండదు, తడి ఉండదు. ఎండంతా నేల మీదే పడుతుంది. నగరంలో పార్కులు, పెరటి చెట్లు, తడిపే తోటలు, భవనాల నీడ ఉంటాయి. సూర్యుడు దిగాక బీడు నేల వెంటనే చల్లారుతుంది, గోడలు చల్లారవు.

కాబట్టి మన నగర చెట్టు ఎదుర్కొనే అసలు మార్పు రాత్రి చల్లదనం తగ్గడం. రాత్రి చల్లదనం మీద ఆధారపడే చెట్టు ఏదని అడిగితే తెలుగువాళ్లకు మొదట గుర్తుకు రావాల్సింది మామిడి.

మామిడి కథ

మామిడి పూత ఒక కొమ్మ తీసుకునే నిర్ణయం. కొమ్మ చివర ఉన్న మొగ్గ పూగుత్తి అయినా కావొచ్చు, ఆకు చిగురు అయినా కావొచ్చు. చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల చుట్టుపక్కలకు దిగి, నేల పొడిగా ఉంటే పూత వైపు మొగ్గుతుంది. రాత్రి వెచ్చగా ఉండి నేలలో తడి ఉంటే చిగురు వైపు వెళ్తుంది. రాత్రులు అంతగా చల్లబడని చోట కొమ్మ ముదురు ఎంత అన్నది ముఖ్యమవుతుంది. నాలుగైదు నెలలు ముదిరిన కొమ్మకు పూసే అవకాశం ఎక్కువ. నూజివీడు లాంటి కోస్తా తోటల్లో ఈ అంశానికీ, నేల ఆరడానికీ ఉన్న ప్రాధాన్యం జగిత్యాల, కొల్లాపూర్ లాంటి చోట్ల కంటే ఎక్కువ. లోపలి జిల్లాల్లో రాత్రి చలి ఇంకా అండగా ఉంది.

ఇప్పుడు వాతావరణం ఈ లెక్కను రెండు వైపుల నుంచీ కదిలిస్తోంది. నవంబర్, డిసెంబర్‌లో కురిసే వానలు నేలను తడిపి, పూతకు సిద్ధమవుతున్న కొమ్మను చిగురు వైపు మళ్లిస్తాయి. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ లాంటి తుపాన్లు వచ్చేది సరిగ్గా ఈ సమయంలోనే. మబ్బు పట్టిన రోజుల్లో రాత్రులు కూడా చల్లబడవు. ఫలితంగా పూత ఒక్కసారిగా రాకుండా విడతలు విడతలుగా వస్తుంది. ఒకే చెట్టు మీద ఒక కొమ్మన పిందె, ఇంకో కొమ్మన పూత, మరో కొమ్మన లేత చిగురు కనిపిస్తాయి. తేనెమంచు పురుగుకూ బూడిద తెగులుకూ మందు కొట్టే రైతుకు ఇది పెద్ద టెన్షన్. ఒక విడతకు కొట్టిన మందు ఇంకో విడతకు పనికిరాదు.

రెండో వైపు ఫిబ్రవరి. భారత వాతావరణ శాఖ లెక్కల ప్రకారం 1901 తర్వాత దేశంలో అతి వేడి ఫిబ్రవరి 2025లో వచ్చింది. పూత సమయంలో కొంత వెచ్చదనం మంచిదే. రాత్రి మరీ చల్లగా ఉంటే పుప్పొడి సరిగా పనిచేయదు, పూగుత్తిలో మగపూలు పెరుగుతాయి. కానీ ఎండ ఒక్కసారిగా ముదిరితే పిందె నిలవదు. అంటే మామిడికి డిసెంబర్‌లో చలి కావాలి, జనవరి చివరి నుంచి మెల్లగా వేడి పెరగాలి. సగటు ఉష్ణోగ్రత ఎంత పెరిగిందన్న దానికంటే ఈ వరస తప్పడమే ఎక్కువ నష్టం.

చాలా తోటల్లో రైతులు ఈ అనిశ్చితికి కల్టార్‌తో జవాబు వెతుక్కుంటున్నారు. దాని అసలు పేరు పాక్లోబ్యూట్రజాల్. చెట్టులో పెరుగుదలను నడిపే జిబ్బరెల్లిన్ తయారీని అది అడ్డుకుంటుంది. చిగురు ఆగి పూత వస్తుంది. కానీ ఆ మందు నేలలో చాలాకాలం ఉండిపోతుంది, మోతాదు మించితే చెట్టు గిడసబారుతుంది. చెట్ల కాలచక్రం మీద రాసేవాళ్లు దీన్ని మరచిపోకూడదు. కల్టార్ వేసిన తోటలో పూత తేదీ వాతావరణం గురించి చెప్పేది తక్కువ, మందు గురించి చెప్పేది ఎక్కువ.

నగరంలోని పెరటి మామిడికి మందు ఉండదు కానీ, దాని తిప్పలు దానివి. వంటింటి నీళ్లు, సంపు నుంచి కారే తడి ఏడాదంతా వేళ్లకు అందుతాయి. పక్క గోడ రాత్రంతా వేడి వదులుతుంది. పూతకు కావాల్సిన పొడి, చల్లదనం రెండూ తగ్గుతాయి. ఏపుగా, పచ్చగా ఉన్న పెరటి చెట్టు కొన్నేళ్లు కాపే లేకుండా నిలబడటానికి ఇది బలమైన కారణం.

నేల మూసుకుపోతే

నీటి విషయంలో నగరం ఒకే రకంగా ప్రవర్తించదు. ఒక చోట ఎక్కువ ఇస్తుంది, పక్కనే అసలు ఇవ్వదు. ఫుట్‌పాత్ మీద చెట్టు మొదలు దాకా టైల్స్ పరుస్తారు. వాన నీరు నేలలోకి ఇంకకుండా కాలువలోకి పోతుంది. అడుగున బోర్లు భూగర్భ జలాన్ని లాగేస్తాయి. రోడ్డు, కేబుల్, డ్రైనేజీ పనుల్లో వేళ్లు తెగుతాయి. అలాంటి చెట్టు ముందే ఆకు రాలుస్తుంది. దాచుకున్న నీరు చాలకపోతే చిగురు ఆలస్యం అవుతుంది, లేదా పలచగా వస్తుంది.

అదే వీధిలో అపార్ట్‌మెంట్ లాన్ పక్కనున్న చెట్టుకు రోజూ స్ప్రింక్లర్ నీరు అందుతుంది. అది ఆకు రాల్చడమే తగ్గించవచ్చు. కరెంటు తీగల కోసం వానలకు ముందు కొమ్మలు నరికిన చెట్టు ఇంకో రకం. నరికిన కొద్ది వారాలకే దానికి లేత చిగురు దట్టంగా వస్తుంది, అది ఏ కాలానికీ చెందిన చిగురు కాదు. ఈ మూడు చెట్లనూ ఒక ఫొటోలో పెట్టి "కాలాలు తారుమారయ్యాయి" అని రాస్తే చదివేవాళ్లు నమ్ముతారు. కానీ అక్కడ కనిపిస్తున్నది మూడు రకాల నిర్వహణ మాత్రమే.

రోగాలనూ విడిగా చూడాలి. 2021, 2022 ప్రాంతంలో తెలంగాణ అంతటా వేప చెట్ల కొమ్మలు చివరి నుంచి ఎండిపోయి, చెట్లు మాడినట్టు కనిపించాయి. అది ఆకురాలు కాలం మారడం వల్ల కాదు. ఫోమోప్సిస్ అనే శిలీంధ్రం వల్ల వచ్చే కొమ్మ ఎండు తెగులని, టీ దోమ అనే రసం పీల్చే పురుగు దానికి తోడైందని వ్యవసాయ శాస్త్రవేత్తలు గుర్తించారు. ఆ తర్వాత చాలా చెట్లు మళ్లీ చిగురించాయి. అలా తేరుకుంటున్న చెట్టు చిగురు తేదీ కొన్నాళ్ల వరకూ మామూలు లెక్కలోకి రాదు.

వీధి దీపం కింద

వేడి గురించి జరిగే చర్చలో వెలుతురు వెనకబడిపోతుంది. అది సరికాదని నా అభిప్రాయం. అమెరికాలో నేల మీద నమోదైన పరిశీలనలను రాత్రి వెలుగు ఉపగ్రహ చిత్రాలతో కలిపి చేసిన అధ్యయనం 2022లో వచ్చింది. రాత్రి వెలుతురు ఉన్న చోట మొగ్గ సగటున తొమ్మిది రోజులు ముందే విచ్చుతోందని, ఆకు రంగు మారడం ఆరు రోజులు ఆలస్యమవుతోందని అందులో తేలింది. ఉత్తరార్ధగోళంలోని 428 నగరాలను 2014 నుంచి 2020 వరకూ పరిశీలించి 2025లో వెలువరించిన మరో అధ్యయనం కూడా ఇదే దిశలో ఉంది. నగరాల్లో పెరుగుదల సీజన్ సుమారు 12 రోజులు ముందు మొదలై, 11 రోజులు ఆలస్యంగా ముగుస్తోంది. సీజన్‌ను పొడిగించడంలో వెలుతురు పాత్ర ఉష్ణోగ్రత కంటే ఎక్కువని, ఆ ప్రభావం సీజన్ మొదలు కంటే ముగింపు మీద బలంగా ఉందని ఆ బృందం అంటోంది.

మన దగ్గర ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు, రైతులే చేసి చూపిస్తున్నారు. చామంతి రైతులు రాత్రిళ్లు తోటలో బల్బులు వెలిగిస్తారు. చీకటి తెగిపోయేసరికి మొక్క ఇంకా పగళ్లు పొడవుగానే ఉన్నాయనుకుని పూత ఆపుతుంది. ధర ఉన్న రోజుకు పూత సరిపెట్టుకోవడానికి ఇదో పద్ధతి. డ్రాగన్ ఫ్రూట్ రైతులు అవే బల్బులు వెలిగించి చలికాలంలో పూత తెప్పిస్తారు. బల్బు ఒకటే, ఫలితాలు రెండు. ఒకటి పొడవు రాత్రులకు పూసే మొక్క, ఇంకోటి పొడవు పగళ్లకు పూసేది.

కాబట్టి "వీధి దీపాలు పూతను ముందుకు తెస్తాయి" అని గంపగుత్తగా చెప్పలేం. రోడ్డు పక్క దీపం కింద మొలిచిన గునుగుకు పూత ఆలస్యం కావొచ్చు, ఎందుకంటే దానికి పొడవైన చీకటి కావాలి. అమెరికాలో రోడ్డు దీపాల పక్కనున్న సోయా వరసలు పచ్చగా ఉండిపోయి ఆలస్యంగా పండటం అక్కడి రైతులకు బాగా తెలిసిన సంగతి. దీపం ఎంత దగ్గర, ఎంత తీవ్రత, ఏ రంగు అన్నదాన్ని బట్టి ప్రభావం మారుతుంది. 2015లో మొదలైన జాతీయ పథకంతో మన పట్టణాల్లో పాత సోడియం దీపాల స్థానంలో తెల్లటి ఎల్‌ఈడీలు వచ్చాయి. కరెంటు బాగా ఆదా అయింది. చెట్ల మీద పడే వెలుతురు రకమూ మారింది. దాన్ని కొలిచి చూసే పని మాత్రం మొదలే కాలేదనవచ్చు.

చెట్ల తీరు మారిందా, చెట్లే మారాయా?

నగరంలో కాలాలు మారినట్టు అనిపించడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. నాటే జాతులే మారాయి. ఒకప్పుడు రోడ్ల వెంట వేప, చింత, రావి, కానుగ ఉండేవి. వాటికి ఆకురాలు కాలం ఒకటి, చిగురు కాలం ఒకటి స్పష్టంగా ఉండేవి. తర్వాత పచ్చదనం త్వరగా కనిపించాలని కోనోకార్పస్ లాంటి ఎప్పుడూ పచ్చగా ఉండే మొక్కలు వరసలు వరసలుగా వేశారు. దాని పుప్పొడి మీద, వేళ్ల మీద ఫిర్యాదులు వచ్చాక తెలంగాణలో నాటడం ఆపమని ఆదేశించారు. కోనోకార్పస్ వరస పక్కన పెరిగే పిల్లలకు ఏడాదంతా ఒకే రుతువు కనిపిస్తుంది. అది వాతావరణ మార్పు వల్ల కాదు, నర్సరీలో జరిగిన ఎంపిక వల్ల.

విశాఖపట్నంలో 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వేల చెట్లను కూల్చేసింది. ఆ తర్వాత ఏడాకుల పాల మొక్కలు విరివిగా నాటారు. అది అక్టోబర్, నవంబర్ నెలల్లో ఘాటైన వాసనతో పూస్తుంది. కొన్నేళ్లకు ఆ చెట్లు ఒకేసారి పూతకొచ్చేసరికి తలనొప్పి, ఎలర్జీ ఫిర్యాదులు మొదలయ్యాయి. నగరానికి కొత్త పూల కాలం ఒకటి వచ్చి పడింది. పుప్పొడి సీజన్ మారిందని డాక్టర్లు చెబితే అది నిజమే. అయితే అందులో వేడి పాత్ర ఎంత, నాటిన జాతి పాత్ర ఎంత అని అడగాలి.

పోయిన వాటి లెక్క కూడా ఉంది. తంగేడు, గునుగు పెరిగేది మెట్ట చేలల్లో, గట్ల మీద, బీళ్లలో. హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, దానికి అటూ ఇటూ లేచిన వెంచర్లు ఆ నేలను మింగేశాయి. బతుకమ్మకు పూలు కోసుకొచ్చే ఇళ్లు ఇప్పుడు కొనుక్కొస్తున్నాయి. మార్కెట్‌కు వచ్చేది దూరపు జిల్లాల పూత. దాన్ని చూసి నగరంలో పూత ఎప్పుడొచ్చిందో చెప్పలేం.

దీనివల్ల ఏం జరగొచ్చు

ఎక్కువగా చెప్పుకునే భయం పూలకూ పురుగులకూ మధ్య పొత్తు తప్పడం. పూత ముందే వచ్చి, తేనెటీగలు, ఈగలు అప్పటికి చాలినన్ని లేకపోతే పిందె కట్టదు. చలి దేశాల్లో దీనికి ఆధారాలు ఉన్నాయి. మన దగ్గర తేనెటీగలు ఏడాదంతా తిరుగుతాయి కాబట్టి అదే తరహా ముప్పు అంతే తీవ్రంగా ఉంటుందనలేం. ఇక్కడ ఇంకో రకం ఇబ్బందికి అవకాశం ఉంది. పూసే చెట్లు తగ్గిన నగరంలో, వానాకాలం మధ్యలో లాంటి కొన్ని నెలల్లో పురుగులకు తిండే దొరకకపోవచ్చు.

మనుషుల మీద నేరుగా పడే ప్రభావం నీడ. ఇది తగినంత చర్చకు రాని విషయం. మన ఆకురాల్చే చెట్ల గొప్పతనం ఏమిటంటే, అవి ఆకు రాల్చేది చలికాలం చివర, మళ్లీ గొడుగు పట్టేది ఏప్రిల్ ఎండలకు. వేప, కానుగ, రావి నగరానికి సరిపోయేది ఇందుకే. నేల మూసుకుపోయి, వేళ్లు తెగి ఈ చిగురు మూడు వారాలు ఆలస్యమైతే, బస్టాపులో నిలబడే వాళ్లకు, తోపుడు బండి వాళ్లకు ఎండ తీవ్రంగా ఉన్న రోజుల్లోనే నీడ ఉండదు. చెట్ల లెక్కలో మొక్కల సంఖ్య ఉంటుంది, ఏప్రిల్ రెండో వారానికి ఎంత నీడ ఉందన్నది ఉండదు. చెట్టు మొదలు చుట్టూ ఒక మీటరు నేల వదిలిపెట్టడం ఈ సమస్యకు చవకైన మందు.

ఎలా తేల్చాలి

కేరళలో ఒక మంచి నమూనా ఉంది. 2010లో మొదలైన సీజన్‌వాచ్ అనే కార్యక్రమంలో బడి పిల్లలు, టీచర్లు, మామూలు పౌరులు ఒక చెట్టును ఎంచుకుని, వారం వారం దాని ఆకు, పూత, కాయ ఎలా ఉన్నాయో నమోదు చేస్తారు. దేశవ్యాప్తంగా సాగే ఈ కార్యక్రమంలో కేరళ నుంచి వచ్చిన వివరాలు చాలా ఎక్కువ. అక్కడి కణిక్కొన్న, అంటే మన రేల, విషు పండుగకు చాలా ముందే పూస్తోందన్న మాటను ఈ వివరాలతో పరీక్షించవచ్చు. విషు సౌరమానం పండుగ, ఏటా ఏప్రిల్ 14 ప్రాంతంలోనే వస్తుంది. కాబట్టి ఆ పోలిక, మన ఉగాది పోలికలా కాకుండా, నిలబడుతుంది.

హైదరాబాద్‌కు ఇలాంటి పరిశీలన చాలా తేలిక. ఒకే జాతిని, వేప అనుకుందాం, మూడు రకాల చోట్ల ఎంచుకోవాలి. టైల్స్ మధ్య ఉన్న రోడ్డు చెట్లు, కేబీఆర్ పార్కు లాంటి చోట సహజమైన నేలలో ఉన్నవి, ఔటర్ రింగ్ రోడ్డు అవతల పొలం గట్ల మీదవి. ప్రతి చెట్టుకూ మొదటి చిగురు, మొదటి పూత, పూత ముగిసిన రోజు ఇంగ్లిష్ తేదీల్లో గానీ కార్తెల్లో గానీ రాసుకోవాలి. నీరు అందుతోందా, దీపం ఎంత దూరంలో ఉంది, ఆ ఏడు కొమ్మ నరికారా అన్నవి కూడా పక్కన ఉండాలి. ఒక ఏడాదిలోనే నగరం ప్రభావం కొంత బయటపడుతుంది, ఎందుకంటే మూడు చోట్లా ఆ ఏడాది వాతావరణం దాదాపు ఒకటే. వాతావరణ మార్పు ప్రభావం తెలియాలంటే మాత్రం పొలం గట్టు చెట్లనే ఏళ్ల తరబడి చూడాలి.

ఈ పని ఉపగ్రహానికి అప్పగించలేమా అన్న ప్రశ్న వస్తుంది. సెంటినెల్-2 చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, ఐదు రోజులకోసారి వస్తాయి, పది మీటర్ల వివరం చూపిస్తాయి. వేసవిలో ఆకాశం తేటగా ఉన్నప్పుడు వీధి చెట్ల చిగురును వాటితో కొంతవరకు పట్టుకోవచ్చు. కానీ పచ్చగా కనిపించిన చుక్క వేప చిగురో, ఖాళీ ప్లాటులో మొలిచిన వయ్యారిభామో చిత్రం చెప్పదు. వేపపూత లాంటి చిన్న తెల్లపూత దానికి కనిపించదు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మబ్బులు అడ్డం. ఆ నెలలకు, పూత తేదీలకు చెట్టు దగ్గరికి వెళ్లి చూసి రాసుకున్న వివరమే ఆధారం.